ఊతం పోతే మతి పోయినట్టేనా? ఆటిజం ఉన్న పెద్దవారి జ్ఞాపకశక్తి

‘చాదస్తం’, ‘మాలోకం’, ‘ముక్కుసూటి మనిషి’, ‘ఆయనది అదో రకం లెండి’. తెలుగిళ్లలో కొందరు పెద్దవారి గురించి చుట్టాలు ఈ మాటలు వారి చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంటారు. కంచం ఒకే చోట పెట్టాలి, అదే గ్లాసు కావాలి. పెళ్లిలో సన్నాయి మొదలవగానే బయటికి వెళ్లి నిలబడతారు. రైళ్ల టైములు అడిగితే ఏదీ చూడకుండా చెప్తారు. పక్కవాళ్లు ఏడుస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక గోడకేసి చూస్తారు. ఇలాంటి వారందరికీ ఆటిజం (మనుషులతో మెలగడం, మార్పులను, శబ్దాలను తట్టుకోవడం పుట్టుకతోనే వేరుగా ఉండే తీరు) ఉందని కాదు. కానీ ఆటిజంతో పుట్టి, ఆ పేరు ఒక్కసారి కూడా వినకుండా అరవై దాటినవారు ఈ మాటల చాటున ఉండిపోయారు. వయసు మీద పడ్డాక వారికి ఇంకో మాట వచ్చి చేరుతుంది: మతిమరుపు.

ఆ మాటను అంత తేలిగ్గా అతికించకూడదు. ఆటిజం ఉన్న మనిషి ముసలితనంలో మర్చిపోతున్నట్టు కనిపిస్తే అందులో జబ్బు ఎంత, వయసు ఎంత, ఆయన చుట్టూ ఇన్నాళ్లూ ఉన్న ఊతం కూలిపోవడం ఎంత అన్నది విడదీసి చూడాలి. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడతారు. మూడోదాన్ని మాత్రం వదిలేస్తున్నాం.

పేరు లేని తరం

ఆటిజాన్ని అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో, పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో వైద్యలోకానికి పరిచయం చేశాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం జబ్బుల గ్రంథంలో దానికి విడిగా చోటు దొరికింది 1980లో. మాటలు బాగా వచ్చి, చదువుకుని, ఉద్యోగం చేసుకునే వారిలోనూ ఇది ఉంటుందని ఆస్పర్జర్ సిండ్రోమ్ పేరుతో ఆ గ్రంథం ఒప్పుకున్నది 1994లో. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లోనూ ఉంది.

ఈ సంవత్సరాల పక్కన 1960లో విశాఖపట్నంలో పుట్టిన మనిషిని నిలబెట్టి చూడండి. ఆయన బడికి వెళ్లే రోజుల్లో టీచరుకు ఆ పేరు తెలియదు. చట్టంలో మొదటిసారి ఆ పేరు కనిపించేసరికి ఆయనకు 39 ఏళ్లు, రెండోసారికి 56. అప్పటికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు, సగం సర్వీసు అయిపోయింది. లేదా చిన్నప్పుడే ‘బుర్ర ఎదగలేదు’ అని బడి మాన్పించి ఇంట్లో ఉంచేశారు. రెండు దారుల్లోనూ పేరు మాత్రం పెట్టలేదు. వైద్య సౌకర్యాలు మనకంటే ఎంతో అందుబాటులో ఉన్న బ్రిటన్‌లోనే, యాభై దాటిన ఆటిజం ఉన్నవారిలో పదిమందికి తొమ్మిది మందికి పైగా గుర్తింపు లేకుండా ఉండి ఉంటారని 2023లో పరిశోధకులు అంచనా వేశారు. మన దగ్గర పరిస్థితి దానికంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి కారణమేమీ కనిపించదు.

ఒక ఉదాహరణ అల్లుకుందాం. మనిషి కల్పితం, పరిస్థితి మాత్రం కాదు. పోర్టులో ముప్పై ఏళ్లు ఒకే సెక్షన్‌లో పనిచేసిన ఒక పెద్దాయన. ఉదయం ఒకే టైముకు లేవడం, ఒకే బస్సు, ఒకే సీటు, ఒకే రిజిస్టరు. క్యారేజీ సంచిలో పెట్టడం నుంచి ఏ పెళ్లికి ఎప్పుడు వెళ్లాలో చెప్పడం దాకా భార్య చూసుకునేది. కంచరపాలెంలో సొంతిల్లు. రిటైరయ్యాడు. మూడేళ్లకు భార్య పోయింది. కొడుకు ఆయన్ని మధురవాడలోని తన ఫ్లాట్‌కు తీసుకెళ్లాడు. అక్కడికి వెళ్లిన రెండు నెలల్లోనే గ్యాస్ కట్టేయడం మర్చిపోయాడు, బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోయాడు, మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ వస్తాడని చెప్పినది మర్చిపోయి తలుపు వేసుకుని పడుకున్నాడు. ‘పొద్దున్నే చెప్పాను కదండీ మావయ్యగారూ, మర్చిపోయారేటి?’ అని కోడలు రోజుకు రెండుసార్లు అనాల్సి వస్తోంది. అదే మనిషిని హుద్‌హుద్ తుఫాను ఎప్పుడు వచ్చిందని అడిగితే 2014 అక్టోబర్ 12, ఆదివారం అని తడుముకోకుండా చెప్తాడు. కరెంటు ఏ రోజు వచ్చిందో, నీళ్ల ట్యాంకరు ఎన్నింటికి వచ్చిందో కూడా చెప్తాడు. కొడుక్కి టెన్షన్, కోడలికి విసుగు. ‘అవసరమైనవే మర్చిపోతాడు, అక్కర్లేనివన్నీ గుర్తుంటాయి’ అన్నది వాళ్ల ఫిర్యాదు.

ఆ ఫిర్యాదులోనే సమాధానం ఉంది. గుర్తున్నవాటికీ గుర్తులేనివాటికీ మధ్య ఉన్న తేడా అవసరానికి సంబంధించింది కాదు. అవి జ్ఞాపకంలోని వేర్వేరు పనులు.

ధారణ దగ్గర దొరికే ఆనవాలు

జ్ఞాపకశక్తి ఒక్కటే ముద్ద కాదని తెలుగువారికి చెప్పడానికి అవధానం కంటే మంచి ఉదాహరణ దొరకదు. అష్టావధానంలో అవధాని ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెప్తూ ముందుకు వెళ్తాడు. మధ్యలో గంటలు మోగుతాయి, వాటిని లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఏదో ఒకటి అడిగి దారి తప్పించాలని చూస్తాడు. దానికి జవాబు చెప్పి, వదిలేసిన చోటుకు తిరిగి రావాలి. చివరికి ధారణ: ఎవరు ఏ సమస్య ఇచ్చారు, ఎవరికి ఏ పద్యం చెప్పాను అన్నది తప్పకుండా అన్నీ అప్పజెప్పాలి. ఇందులో కనీసం నాలుగు రకాల పనులున్నాయి. విన్నదాన్ని పనిలో పెట్టుకుని కాసేపు పట్టుకోవడం. అడ్డం వచ్చినా చేతిలోని పని జారిపోనివ్వకపోవడం. ఏ మాట ఏ మనిషితో, ఏ సందర్భంతో ముడిపడిందో ఆ ముడిని గుర్తుంచుకోవడం. చివరికి ఎవరూ అందించకుండా తనంతట తానే పైకి తీయడం.

ఆటిజం ఉన్నవారిలో జ్ఞాపకం మీద దశాబ్దాలుగా జరిగిన ప్రయోగాల సారం ఈ నాలుగింటిలోనే ఇమిడిపోతుంది. విడివిడి విషయాలను గుర్తుంచుకోవడం, చూసినదాన్ని మళ్లీ చూసి గుర్తుపట్టడం వారికి చాలావరకు బాగానే వస్తుంది. కొందరికి మిగతావారికంటే బాగా వస్తుంది. కష్టమయ్యేది ముడి దగ్గర: ఏది ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో. ఇంకా కష్టమయ్యేది ఏ ఆనవాలూ లేకుండా ‘చెప్పు, ఏం గుర్తుంది’ అన్నప్పుడు. లండన్‌లోని సిటీ యూనివర్సిటీలో డెర్మట్ బౌలర్ బృందం 1997 నుంచి ఈ విషయాన్ని పదేపదే చూపించింది. ఒక మాటల జాబితా చదివి వినిపించి ఊరికే అప్పజెప్పమంటే ఆటిజం ఉన్నవారు వెనకబడతారు. ‘అందులో ఒక పండు ఉంది కదా’ లాంటి ఆనవాలు ఇస్తే ఆ తేడా బాగా తగ్గిపోతుంది, కొన్నిసార్లు మాయమైపోతుంది. అంటే విషయం లోపలికి చేరింది. తీయడానికి చెయ్యి అందలేదు, అంతే. పరీక్షలో ఊతం ఎంత ఇస్తే ఫలితం అంత మెరుగవుతుంది కాబట్టి దీన్ని ఊతానికి సంబంధించిన ప్రతిపాదనగా చెప్తారు.

నిజానికి అవధానికి కూడా ఊతం ఉంది. ఛందస్సే ఆ ఊతం. మొదటి పాదంలో రెండో అక్షరం తెలిస్తే ప్రాస వల్ల మిగతా మూడు పాదాల రెండో అక్షరమూ తెలిసిపోతుంది. యతి మరో కొక్కెం. అదే విషయాన్ని వచనంలో చెప్పమంటే ఎంత గట్టి ధారణ ఉన్నవారికైనా కష్టమే.

బౌలర్ గమనించిన ఇంకో సంగతి ఈ చర్చకు గుండెకాయ లాంటిది. ఊతం లేకుండా గుర్తు తెచ్చుకోవడం, సందర్భాన్ని ముడిపెట్టుకోవడం అనే ఈ రెండు పనులే మామూలుగా ముసలితనంలో అందరికీ తగ్గుతాయి. టొరంటోలో ఫెర్గస్ క్రెయిక్ 1980లలో చెప్పింది ఇదే: వయసు పెరిగేకొద్దీ జ్ఞాపకం లోపలి ప్రయత్నం మీద తక్కువగా, చుట్టూ ఉన్న పరిసరాలు అందించే ఆనవాళ్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆటిజం ఉన్నవారు చిన్నప్పటి నుంచే అలా ఆధారపడి బతుకుతున్నారు. వయసు వచ్చి అదే చోట మరో బరువు పెట్టినప్పుడు ఏమవుతుంది? ఇక్కడి నుంచి పరిశోధకులు మూడు దారులుగా చీలిపోయారు.

మూడు ఊహలు, ఒక డచ్చి సమాధానం

మొదటి ఊహ: రెండు బరువులూ కలిసి ఆటిజం ఉన్నవారు ఇతరులకంటే వేగంగా దిగజారతారు. రెండోది: మొదటి నుంచి ఉన్న తేడా అలాగే ఉంటుంది, వయసుతో వచ్చే తరుగు అందరికీ సమానంగా వస్తుంది. మూడోది: జీవితమంతా తమ కష్టాలకు దారులు వెతుక్కున్న అలవాటు, లేదా మెదడు కణాల మధ్య బంధాలు సులువుగా మారే స్వభావం, వారికి కొంత రక్షణ ఇస్తుంది.

దీని మీద ఎక్కువ పని జరిగింది నెదర్లాండ్స్‌లో, హిల్డే ఖర్ట్స్ బృందం దగ్గర. 2012లో వారు ప్రచురించిన తొలి అధ్యయనం చిన్నది, 51 నుంచి 83 ఏళ్ల మధ్య వయసున్న, ఆటిజం ఉన్న 23 మందితో. ఏకాగ్రత నిలపడం, విన్నదాన్ని పనిలో పెట్టుకుని కాసేపు పట్టుకోవడం (వర్కింగ్ మెమరీ), ఒక నిమిషంలో వీలైనన్ని మాటలు పుట్టించడం వంటి వాటిలో ఆటిజం ఉన్న పెద్దలు వెనకబడ్డారు. 2016లో పెద్ద అధ్యయనం వచ్చింది. 20 నుంచి 79 ఏళ్ల వరకు ఉన్న 236 మందిని, ఆటిజం ఉన్నవారినీ లేనివారినీ జతలుగా తీసుకుని పరీక్షించారు. చూసినదాన్ని గుర్తుంచుకోవడంలో ఆటిజం ఉన్నవారే ముందున్నారు. విన్నమాటలను గుర్తుంచుకోవడంలో ఇద్దరూ సమానం. మాటలు పుట్టించడంలో, ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడంలో ఆటిజం ఉన్నవారు వెనకబడ్డారు. కానీ ఆ చివరి తేడా యాభై దాటినవారిలో కనిపించలేదు. వయసుతో వచ్చే తరుగు ఇతరులతో సమానంగా ఉంది, కొన్నిచోట్ల తక్కువగా ఉంది. ఆ తర్వాత అదే బృందం అవే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించి చూసినప్పుడు కూడా వేగంగా దిగజారుతున్న గుర్తులు దొరకలేదు.

యాభై దాటాక ఎదుటివారి మనసు అర్థం కావడం గురించి ఒక్క మాట. దీన్ని చాలామంది తేలిగ్గా దాటేస్తారు, కానీ ఇది అపురూపమైన ఫలితం. యాభై ఏళ్లు మనుషుల మధ్య బతికి, తప్పులు చేసి, తిట్లు తిని, గమనించి నేర్చుకున్నది పరీక్షలో పైకి వచ్చి ఉండవచ్చు. ఇతరులు పుట్టుకతో తెచ్చుకున్నదాన్ని వీరు చదివి నేర్చుకున్నారన్నమాట. ఆటిజం అంటే ఎప్పటికీ మారని రాతిబండ అన్న భావన మన సమాజంలో గట్టిగా ఉంది. ఆ భావన తప్పు.

అదే 2016 అధ్యయనం ఇంకో విషయం చూపించింది. ఆటిజం ఉన్నవారు రోజువారీ జీవితంలో తాము మర్చిపోయేవి, తడబడేవి ఎక్కువని చెప్పుకున్నారు. కానీ ఆ ఫిర్యాదులకూ పరీక్షలో వచ్చిన మార్కులకూ పొంతన లేదు. పరీక్ష గదిలో బాగానే చేసినవారు ఇంట్లో గ్యాస్ కట్టడం మర్చిపోతున్నారు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. పరీక్ష గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఒకసారికి ఒకే పని ఇస్తారు, ఏం చేయాలో స్పష్టంగా చెప్తారు. అక్కడ ఊతం నిండుగా ఉంది. ఇంట్లో కుక్కర్ విజిల్, టీవీ, ఫోను, ‘సాయంత్రం లోపు ఎప్పుడో ఒకప్పుడు చేయండి’ అన్న మాట, అన్నీ అప్రస్తుత ప్రసంగాలే. అక్కడ ఊతం లేదు. మధురవాడ ఫ్లాట్‌లోని పెద్దాయన కథ ఇక్కడ అర్థమవుతుంది. ఆయన మెదడు రెండు నెలల్లో మారిపోలేదు. కంచరపాలెం ఇల్లు, పోర్టు షిఫ్టు, భార్య గొంతు కలిసి ఆయన జ్ఞాపకంలో సగం పని చేస్తుండేవి. ఆ సగం పోయింది.

విశాఖకు ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, స్టీల్‌ప్లాంటు: తరాల తరబడి ఈ ఊరు షిఫ్టుల మీద నడిచింది. ఏ పని, ఏ టైముకు, ఎవరి కింద అన్నది ముందే రాసి పెట్టిన ఉద్యోగాలు అవి. ఆటిజం ఉన్న మనిషికి అంతకంటే అనుకూలమైన జీవితం తక్కువ. గుర్తింపు లేకుండానే ఒక తరం ఇక్కడ నెట్టుకురాగలగడానికి ఈ ఉద్యోగాలు కొంత కారణం అయి ఉంటాయి. అలాంటి మనిషికి రిటైర్‌మెంట్ అంటే జీతం ఆగడంతో పాటు రోజుకు ఉన్న చట్రం ఒక్కసారిగా విరిగిపోవడం కూడా.

డిమెన్షియా మాటేమిటి

ఇంతవరకు చెప్పింది ధైర్యం ఇచ్చే మాట. కానీ దీనికి ఎదురుగా ఒక గట్టి అంకె ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అమెరికాలో పేదల ఆరోగ్య బీమా రికార్డులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 30 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న ఆటిజం ఉన్నవారికి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) అని నిర్ధారణ అయ్యే అవకాశం ఇతరులకంటే దాదాపు 2.6 రెట్లు ఎక్కువ. అరవై నాలుగు లోపే.

డచ్చి ఫలితాలకూ ఈ అంకెకూ పొసగదు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ముందు తేలేది, ఇవి ఒకే రకం మనుషుల గురించి కావు. నెదర్లాండ్స్ అధ్యయనంలో పాల్గొన్నవారి ఐక్యూ 80కి పైన. వారిలో చాలామంది పెద్దయ్యాక గుర్తింపు పొందినవారు, పరిశోధన కేంద్రానికి తమంతట తాము రాగలిగినవారు. బీమా రికార్డుల్లో ఉన్నవారు పేదవారు, మేధోవైకల్యం ఉన్నవారూ అందులో ఉన్నారు. పైగా రికార్డులో ‘డిమెన్షియా’ అని రాసి ఉన్నంత మాత్రాన అది డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ రకమని కాదు. మాట తగ్గిపోయినా, స్నానం మానేసినా, పాత అలవాటు వదిలేసినా డాక్టరు ఆ పేరు రాయవచ్చు. ఆటిజం ఉన్నవారిలో డిప్రెషన్ వచ్చినా ఇవే గుర్తులు కనిపిస్తాయి. అలాగని ఆ అంకెను కొట్టిపారేయకూడదు. దానిలో నిజమైన ముప్పు ఉంది. ఆ ముప్పు ఎక్కువగా ఆటిజం నుంచి కాక, ఆటిజం ఉన్నవారు బతికే తీరు నుంచి వస్తోందన్నదే ఈ వ్యాసం వైపు నుంచి ఉన్న అభిప్రాయం.

దానికి ఆధారం ఉంది. డిమెన్షియా మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని పద్నాలుగు కారణాలతో ముడిపెట్టింది. అవి మార్చగలిగినవి. తక్కువ చదువు, చెవుడు, చూపు తగ్గడం, డిప్రెషన్, ఒంటరితనం, షుగర్, బీపీ, ఊబకాయం, కదలిక లేకపోవడం వాటిలో ఉన్నాయి. ఇప్పుడు ఆటిజం ఉన్న పెద్దవారి జీవితం వైపు చూడండి. ఉత్తర కాలిఫోర్నియాలో 1,500 మందికి పైగా ఆటిజం ఉన్న పెద్దల వైద్య రికార్డులు చూసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో డిప్రెషన్, షుగర్, బీపీ, ఊబకాయం అన్నీ ఇతరులకంటే ఎక్కువగా తేలాయి. ఒంటరితనం గురించి చెప్పనక్కర్లేదు. ఆస్పత్రిలో గుంపు, వెలుతురు, వాసనలు భరించలేక వెళ్లడం మానేసే మనిషికి చెవి పరీక్ష ఎవరు చేస్తారు? చెవి సరిగ్గా వినపడని మనిషి ‘చెప్పింది మర్చిపోయాడు’ అనిపించుకోవడం ఎంత సులువో ఇళ్లలో అందరికీ తెలుసు.

మందుల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది ఇంట్లోవాళ్లు పట్టుకోగలిగిన విషయం. గుర్తింపు లేని రోజుల్లో ఆటిజం ఉన్నవారిలో కొందరికి పిచ్చి అనే పేరు పెట్టి యాంటీసైకోటిక్ మందులు మొదలుపెట్టారు. వాటి వల్ల చేతులు వణికితే దానికి విరుగుడుగా ట్రైహెక్సీఫెనిడిల్ ఇచ్చారు. ఆ చీటీ ఇరవై ఏళ్లుగా అలాగే తిరగరాస్తూ వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ట్రైహెక్సీఫెనిడిల్ మెదడులో జ్ఞాపకానికి కావలసిన ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. యువకుడు తట్టుకుంటాడు, అరవై ఐదేళ్ల మనిషి తట్టుకోలేడు. మతిమరుపు వస్తుంది, నోరు ఎండిపోతుంది, మూత్రం ఆగిపోతుంది, ఒక్కోసారి మనిషి అయోమయంలో పడిపోతాడు. నిద్ర కోసం, అలర్జీ కోసం దుకాణంలో కొనుక్కునే కొన్ని మాత్రలదీ ఇదే స్వభావం. అయితే ఈ మందులను ఇంట్లోవాళ్లు సొంతంగా ఆపేయకూడదు. పాత చీటీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి ‘ఇవన్నీ ఇంకా అవసరమా’ అని డాక్టరును అడగాలి. థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు కూడా అప్పుడే. ఇవి సరిచేయగలిగిన కారణాలు. వీటిని చూడకుండా డిమెన్షియా అనేయడం ఘోరం.

మేధోవైకల్యం ఉన్న ఆటిజం పెద్దల గురించి పరిశోధన సన్నగా ఉంది, వారిని పరీక్షలకు పిలవడమే తక్కువ. వారిలో డౌన్ సిండ్రోమ్ కూడా ఉన్నవారిది మాత్రం వేరే లెక్క. 21వ క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల వారికి అల్జీమర్స్ ముప్పు ఎక్కువ, నలభైల నుంచే కనిపెట్టుకుని ఉండాలి.

ఆడవారి గురించి ఇంకో మాట చేర్చాలి. నెలసరి ఆగిపోయే వయసులో మాట తట్టకపోవడం, మర్చిపోవడం, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. ఆటిజం ఉన్న స్త్రీలు ఆ దశలో శబ్దం, వేడి అస్సలు తట్టుకోలేకపోయామని, ఇన్నాళ్లూ దాచుకుంటూ వచ్చినవన్నీ ఒక్కసారి బయటపడ్డాయని బ్రిటన్ పరిశోధకులకు చెప్పారు. మన ఇళ్లలో ఆవిడ వంటిల్లే ఆవిడ చట్రం. డబ్బాల వరస, ఆవకాయ కొలత, పాలవాడి టైము. కొత్త ఇంటికి మారి ఆ వరస చెదిరిపోతే ఆవిడకు జరిగేది పోర్టు నుంచి రిటైరైన మనిషికి జరిగినదే, కాకపోతే దానికి వీడ్కోలు సభ ఉండదు.

పరీక్ష గదిలో జరిగే పొరపాటు

మతిమరుపు అనుమానంతో వెళితే మొదట చేసేది ఒక చిన్న స్క్రీనింగ్ పరీక్ష. ఎక్కువ చోట్ల వాడేది మోకా, ముప్పై మార్కులకు. ఐదు మాటలు చెప్పి, కాసేపు వేరే పనులు చేయించి, మళ్లీ ఆ ఐదూ చెప్పమంటారు. ఆనవాలు లేకుండా చెప్పినవాటికే మార్కులు. ‘అందులో ఒక పువ్వు పేరు ఉంది’ అని అందించాక చెప్తే దాన్ని పక్కన నోట్ చేసుకుంటారు గానీ మార్కు ఇవ్వరు. ఒక నిమిషంలో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమనడం ఇంకో ప్రశ్న. పైన చెప్పిన పరిశోధనను గుర్తు చేసుకుంటే, ఆటిజం ఉన్న మనిషికి జీవితమంతా కష్టంగా ఉన్న రెండు పనులనే ఈ పరీక్ష అడుగుతోంది. ముప్పై ఏళ్ల వయసులో చేయించినా ఆయనకు అక్కడ మార్కులు తగ్గి ఉండేవేమో. కాబట్టి ఆటిజం అనుమానం ఉన్న పెద్దవారికి ఈ పరీక్ష చేసినప్పుడు మొత్తం మార్కుల కంటే, ఆనవాలు ఇచ్చాక ఎన్ని చెప్పారన్నది ముఖ్యం. అల్జీమర్స్ తొలిదశలో విషయం అసలు లోపల నిలవదు, అందుకే ఆనవాలు ఇచ్చినా పెద్దగా లాభం ఉండదు. ఆటిజంలో ఆనవాలు పనిచేస్తుంది. ఆ తేడా అన్నిసార్లూ కచ్చితంగా తేల్చేయదు, కానీ డాక్టరుకు దారి చూపిస్తుంది.

భాష కూడా లెక్కలోకి రావాలి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా పరీక్షలను తెలుగులోకి తెచ్చింది. ఆ బృందమే 2013లో 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివారిలోనూ ఇది కనిపించిందని చూపించింది. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు ఒకే బస్సులో వినపడే విశాఖలో ఇది ఆసక్తికరమైన మాట. కానీ ఆటిజం ఉన్నవారికి ఈ లాభం అలాగే అందుతుందని దీన్నిబట్టి చెప్పలేం.

మరి నిజంగా డిమెన్షియా మొదలైతే ఎలా తెలుస్తుంది? పక్కింటి పెద్దాయనతో పోల్చకూడదు. ఆయన్ని ఆయనతోనే పోల్చాలి. ఎప్పుడూ మనుషుల ముఖాలు, పేర్లు కలిపి గుర్తుపెట్టుకోలేని మనిషి ఇప్పుడూ గుర్తుపెట్టుకోలేకపోతే అది వార్త కాదు. సింహాచలం వెళ్లే 28 నంబర్ బస్సు స్టాపులన్నీ వరసగా చెప్పే మనిషి ఆ దారిలోనే తప్పిపోతే అది వార్త. జీవితమంతా స్టాంపులు అతికించుకున్న మనిషి ఆల్బమ్ తెరవడం మానేస్తే, అంకెల్లో ఎప్పుడూ తప్పని మనిషి చిల్లర తప్పు లెక్కపెడితే, చాదస్తంగా పాటించిన వరసను తానే చెదరగొట్టి గమనించకపోతే, అప్పుడు ఆలస్యం చేయకూడదు. బలంగా ఉన్నచోట కూలడమే అసలు గుర్తు. ఇంట్లోవాళ్లు మాత్రం ‘చాదస్తం తగ్గింది, మంచిదే’ అని సంతోషపడే ప్రమాదం ఉంది.

ఊతం తిరిగి కట్టడం

కానర్ 1943 వ్యాసంలో మొదటి పిల్లవాడి పేరు డొనాల్డ్. ఇంటిపేరు ట్రిప్లెట్ అని తర్వాత లోకానికి తెలిసింది. మన ఓడరేవు తెరుచుకున్న 1933లోనే ఆయన మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. ఆ ఊరి బ్యాంకులోనే దశాబ్దాలు పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, మనుషులకు అంకెలు పెట్టి గుర్తుపెట్టుకున్నాడు. 2023 జూన్‌లో 89 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన ముసలితనం బాగా గడవడానికి ఆయన మెదడు ఒక్కటే కారణం కాదు. ఊరంతా ఆయన్ని ఎరుగును, బ్యాంకులో ఆయన బల్ల ఆయనకు ఉంది, రోజు ఎలా గడవాలో రోజుకే తెలుసు. మొదటి నుంచీ ఊతం తీసేయని ఊరు అది.

మధురవాడ ఫ్లాట్‌లోనూ ఇందులో కొంత సాధ్యమే. నోటితో చెప్పిన మాటను గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలోనే రాసి పెట్టడం. ‘సాయంత్రం లోపు’ అనకుండా ‘నాలుగున్నరకు’ అనడం. మాత్రలు వారం డబ్బాలో వేసి, డబ్బాను ఆయన కాఫీ గ్లాసు పక్కనే ఉంచడం. గ్యాస్ పొయ్యి దగ్గర కనపడే చోట ‘గ్యాస్ కట్టేయాలి’ అని రాసిన బోర్డు తగిలించడం. ఒకసారికి ఒకే మాట చెప్పి, జవాబు వచ్చేదాకా ఆగడం. రిటైరైన ఏడాదిలోనో, భార్య పోయిన ఏడాదిలోనో వీలైతే ఇల్లు కూడా మార్చకుండా చూడడం. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కరెంటు పోతే ఏ గదిలో కూర్చుంటాం, ఏం తింటాం అన్నది కాగితం మీద ముందే రాసి ఇవ్వడం. ఇవన్నీ ఆయన్ని చిన్నపిల్లాడిలా చూడడం కాదు. ముప్పై ఏళ్లు పోర్టు ఆయనకు ఇచ్చినది ఇదే.

ఇవి పెట్టాక రెండు మూడు నెలల్లో మర్చిపోవడం తగ్గితే, పోయింది ఊతమే అయి ఉండే అవకాశం ఎక్కువ. తగ్గకపోతే చిన వాల్తేరు మానసిక వైద్యశాలకో, కేజీహెచ్ న్యూరాలజీకో వెళ్లాలి. అక్కడ డాక్టరు ఈ రోజు గురించే కాదు, చిన్నతనం గురించి కూడా అడగవచ్చు. మాటలు ఎప్పుడు వచ్చాయి, తోటి పిల్లలతో ఆడేవాడా, ఏ శబ్దానికి చెవులు మూసుకునేవాడు. పెద్దవారిలో ఆటిజం ఉందో లేదో తేల్చడానికి ఆ వివరాలే ఆధారం, ఇప్పటి తరుగును కొలవడానికీ అవే ఆధారం. అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. ఆ సంగతులు ఇంకా గుర్తున్నది అనకాపల్లిలో ఉన్న పెద్దక్కకే అనుకుందాం. ఒక ఆదివారం కొడుకు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని వెళ్లి, ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టు తేదీలతో రాసుకోవాలి. ఆవిడకు ఎనభై దాటాయి.